కొండవిత్తనము - పల్లపు పంట

వెదల కాలము సమీపించినప్పుడు మన సంఘపు గిడ్డంగికి వచ్చు సభ్యులలో పెక్కుమంది యడుగునది యొక్కటే: "ఈ యేడు ఏ రకము తెప్పించినారు? ఎకరమునకు ఎన్ని బస్తాలు దిగును?" ఈ ప్రశ్న సహజమే. అప్పు తీర్పవలసినవాడు బస్తాలు లెక్కించుకొనక మానడు. కాని ఆ వారముననే మన్యమునుండి సంతకు దిగివచ్చిన కొండరైతు గోనె పఱచి, దానిమీద చోళ్లు, సామలు, వలిసెలు, చారచారల చిక్కుడుగింజలు కుప్పలు పోసికొని కూర్చుండియుండును. ఆయనను మనలో నొక్కరును "ఇది యే రకము? ఏ కొండమీద పండినది? ఎన్నాళ్లకు కోతకు వచ్చును?" అని యడుగరు. ధర యడిగి, బేరమాడి, కొలిపించుకొని యింటికి తెచ్చుకొందుము.

ఆ గోనెమీదిది ధాన్యము మాత్రమే కాదనియు, అది మన పల్లపు పంటలకు మూలధనమనియు, దానిని నశింపనీయకుండుటకు మనవంటి సంఘములు తమ లాభములో కొంతభాగమును వెచ్చించుట న్యాయమనియు మా యభిప్రాయము. ఇది కొందఱు సభ్యులకు వింతగా తోపవచ్చును. "కొండవారి గింజలకు మన వాటాధనమేల?" అని యడుగువారు కలరు. వారికొఱకే మేమీ సంగతిని మొదటినుండి విన్నవించుచున్నాము.

ఎలమంచిలినుండి వేకువను బయలుదేఱి, నర్సీపట్టణము మీదుగా ఘాటురోడ్డు నెక్కినవాడు ప్రొద్దు వాలకముందే లంబసింగి చేఱగలడు. మార్గశిర పుష్యమాసములలో మన యూర పలుచని దుప్పటి చాలిన రాత్రులందు, అచ్చట ఉష్ణమానము సున్న డిగ్రీలకు చేరువగా దిగుటయు కలదు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగిన కొలది వేడిమి సుమారు 6 డిగ్రీలు తగ్గునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పల్లపునేలలో అంతటి చలువ కావలెనన్న ఉత్తరదిక్కుగా వందలకొలది క్రోసులు పోవలెను. కొండమీదనైతే ఒక పూట నడక చాలును. మన రాష్ట్రమున తూర్పుకనుమలలో నెల్ల ఎత్తైన అర్మకొండ 1,680 మీటర్లు. సముద్రపు గాలి తగులు ఇసుకనేలనుండి ఆ శిఖరమువఱకు ఎన్ని శీతోష్ణస్థితులున్నవో, అన్నియు మనకు ఒక్క దినపు ప్రయాణములోనే యున్నవి.

పైగా కొండ యనునది ఏటవాలుగా నిలిపిన చదునునేల కాదు. తూర్పుముఖము నుదయపుటెండ తాకును. పడమటిముఖము సాయంకాలము కాలును. వాన తెచ్చు గాలికి ఎదురుగా నున్న వాలు తడిసి పచ్చబడును. దాని వెనుకనున్న లోయ ఆకసమునందలి మబ్బును చూచుచు ఎండియుండును. గెడ్డ ప్రక్కను నల్లరేగడివంటి మెత్తని మట్టి. నాలుగు బారలు పైకిపోయిన రాతిపొరపై జానెడు ఎఱ్ఱమట్టి. పల్లపు రైతుకు గరువు, పల్లము అని రెండు విధములైన నేలలు. కొండరైతుకు అడుగడుగునకు వేఱు నేల. అట్టి చోట మొలచిన మొక్కలన్నియు ఒక్కతీరున నుండలేవు.

ఇది నేటి సంగతి. కాని నేటి భేదములకంటె గడచిన కాలపు భేదములే యీ విషయమున నెక్కువ పని చేసినవి. దీనికి సాక్ష్యము మనకు చేరువనే కలదు. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ సముద్రతీరమున ఎఱ్ఱమట్టి దిబ్బలను చూడనివారు మనలో నుండరు. మన పిల్లలు అచ్చట ఛాయాచిత్రములు తీయించుకొని వత్తురు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖ వానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకస్థలముగా గుర్తించినది. గడచిన హిమయుగమున, అనగా సుమారు 20,000 ఏండ్ల క్రిందట, భూమిమీది నీటిలో కొంతభాగము మంచుగా గడ్డకట్టియుండుటచే సముద్రమట్టము నేటికంటె ఇంచుమించు 120 మీటర్లు దిగువను నుండెను. నేడు అలలు తాకు చోటునుండి చాల దూరమువఱకు నేల బయల్పడియుండెను. ఆ బయలునందలి ఇసుకను గాలి యెగురగొట్టి మేటలు వేసినది. కాలక్రమమున అందలి యినుము త్రుప్పుపట్టి యెఱ్ఱబడినది. మన పొలముల ప్రక్కనున్న సముద్రమే అంత వెనుకకు పోయినదన్నచో, ఆనాటి వానలు, చలి, అడవులు నేటివలె నుండెనని తలంపరాదు.

ఆ కాలమున నైరృతి ఋతుపవనము బలహీనముగా నుండెను. తరువాత భూమి వేడెక్కగా ఋతుపవనము బలపడి, సుమారు 11,000 మొదలు 6,000 ఏండ్ల క్రిందటివఱకు వానలు మెండుగా కురిసెను. మరల తగ్గినవి. గోదావరి సముద్రములో కలియుచోటికి ఎదురుగా బంగాళాఖాతపు అడుగుననుండి తీసిన బురదలో, ఆ నది వేల యేండ్లుగా కొట్టుకొనివచ్చిన ఆకుల మైనపుపూత నిలిచియున్నది. దానిని పరీక్షించి 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఫలితము ఏమనగా, సుమారు 4,000 ఏండ్ల క్రిందటినుండి ఈ నడిదేశమున నీటియెద్దడికి తాళుకొను మొక్కలు హెచ్చుచు వచ్చినవి. ఒక నది తన పరీవాహపు పంచాంగమును తానే వ్రాసి సముద్రగర్భమున దాచుకొన్నదన్నమాట.

ఇట్లు వానలు తగ్గుచు హెచ్చుచు వచ్చినప్పుడు మొక్క యేమి చేయును? చెట్టు నడువజాలదు, దాని విత్తనము నడచును. పల్లమునందలి మొక్క చలువను వెదకికొనుటకు వందల క్రోసులు పోవలెను, పోలేనిది చచ్చును. కొండమొక్కయో, నాలుగు వందల బారలు పైకెక్కిన చాలును. చలి ముదిరినపుడు అంతే క్రిందికి దిగిన చాలును. కఱవు వచ్చినపుడు గెడ్డల యొడ్డున, లోయల మూలల, మంచుపడు శిఖరముల దాగికొనును. వానలు మరలినపుడు అచ్చటినుండియే మరల బయటికి వచ్చును. అందుచేత కొండలు ప్రాచీన వృక్షజాతులకు పాతరలైనవి.

పాతరలో దాచుట యొకటే కాదు, వేఱుపఱచుట కూడ కొండలు చేయు పనియే. అన్నదమ్ములు పంపకములు చేసికొని వేఱువేఱు గ్రామముల స్థిరపడి, రాకపోకలు మానినచో మూడు నాలుగు తరములలో మాటతీరు, వంటతీరు మాఱిపోవుట మన మెఱుగుదుము. అట్లే ఎండకాలముల యుగమున రెండు శిఖరములమీద విడివడి నిలిచిన ఒకేజాతి మొక్కలు వేలయేండ్లు పుప్పొడి మార్చుకొనక యుండగా, ఒకదానికి చలిని తట్టుకొను గుణము, మఱియొకదానికి తెగులును తట్టుకొను గుణము, వేఱొకదానికి త్వరగా గింజపట్టు గుణము స్థిరపడును. తల్లిమొక్కనుండి పిల్లమొక్కకు ఇట్టి గుణములను చేరవేయు బీజాంశములనే నేడు జన్యువులనుచున్నారు. ఒకే జాతిలో అవి ఎన్ని విధములుగా నున్న ఆ జాతికి అంత సంపద.

ఐరోపాఖండమున ఉత్తరభాగమంతయు మంచుక్రింద పడియున్న కాలమున వృక్షజాతులు పెక్కులు స్పెయిను, ఇటలీ, బాల్కను దేశముల కొండలలో తల దాచుకొన్నవి. మంచు కరగిన పిమ్మట ఉత్తరమునకు పోయినవి యా మొక్కలలో కొన్నిటి సంతానమే గావున, నేటికిని పలుజాతుల వైవిధ్యము ఆ దక్షిణపు కొండలయందు హెచ్చుగాను, ఉత్తరపు మైదానములయందు తక్కువగాను కనబడుచున్నది. మన దేశమున మఱియొక విచిత్రము కలదు. హిమాలయములయందు ఎఱ్ఱని పువ్వులు పూయు రోడోడెండ్రాను చెట్టు, నడుమ వేయి మైళ్లకు పైగా ఎచ్చటను లేక, మరల నీలగిరుల శిఖరములపై కనబడును. చలికాలపు యుగములలో ఆ జాతి దిగువ కొండల మీదుగా దక్షిణమునకు వ్యాపించి, వేడిమి హెచ్చగా నడుమనున్నవి నశించి, శిఖరములమీదివి మాత్రము మిగిలినవని శాస్త్రజ్ఞులలో పలువురి తలంపు. మన రాష్ట్రముననే రక్తచందనమును చూడుడు. శేషాచలము, వెలిగొండలు మొదలగు తూర్పుకనుమల దక్షిణభాగమున దక్క అది ప్రపంచమున వేఱెచ్చటను సహజముగా పెరుగదు. విలువ యెఱిగినవారు దానిని దొంగిలించుచున్నారు. విలువ యెఱుగనివారము సామలను విడిచిపెట్టుచున్నాము. రెండింటికిని ఫలమొక్కటే.

ప్రకృతి చేసిన యీ పనికి మనుష్యుడు తన చేయి కలిపెను. 1926లో రష్యాదేశపు వృక్షశాస్త్రజ్ఞుడు వావిలోవు, ప్రపంచమందలి పంటలు ఎచ్చటెచ్చట పుట్టినవో ప్రకటించుచు, ఆ స్థానములలో ముఖ్యమైనవి కొండదేశములేయని చూపెను. మన చోళ్లు తూర్పు ఆఫ్రికా యెత్తుభూములనుండి వేలయేండ్ల క్రిందట వచ్చినవి. అరకులోయను కార్తికమాసమున పసుపుపచ్చగా కప్పు వలిసెలు అబిసీనియా కొండలవి. వచ్చిన చోటను కొండయే దొరకుటచే నిలదొక్కుకొన్నవి. సామలైతే మన దేశపు పంటయే.

ఇక వరి మాట. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడువఱకు జయపుర సంస్థానము మన విశాఖపట్టణము జిల్లాలోనిదే. నేడది ఒడిశాలో కోరాపుట్టు ప్రాంతము. పాడేరు, అరకులనుండి ఆ దేశము వేఱుకాదు. గీత గీసినది మనము గాని కొండలు కావు. కటకమునందలి కేంద్ర వరిపరిశోధనాలయమువారు 1955 మొదలు కొన్ని సంవత్సరములపాటు ఆ ప్రాంతము నెల్ల తిరిగి 1,745 వరిరకములను సేకరించిరి. కొండవాలుమీద వానకే పండు మెట్టవరి, నడిమి మెట్టుల వరి, గెడ్డలలో మోకాటిలోతు నీట నిలుచు వరి, దేవునికి పెట్టు సువాసనగల కాలాజీర - ఇట్లు ఇంటింట వేఱు. పంటలు పుట్టి పెరిగిన స్థానములలో నిది యొకటియని పండితులు నిర్ణయించిరి. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ కోరాపుట్టు వ్యవసాయమును ప్రపంచ వ్యవసాయ వారసత్వములలో చేర్చినది. అయితే పిమ్మట పరిశీలకులు వెళ్లిచూచునప్పటికి ఆ 1,745 రకములలో పెక్కు పొలములలో కనబడలేదు.

"సరే, దీనివలన మాకేమి?" అని పల్లపు రైతు అడుగును. అడుగవలసినదే. మన ప్రాంతపు జీవనాధారమైన చెఱకుతోనే బదులు చెప్పెదము.

పందొమ్మిదవ శతాబ్దము ముగియు వేళకు గోదావరిజిల్లాలో చెఱకు ఎఱ్ఱకుళ్లు తెగులుచే నాశనమగుచుండెను. మదరాసు ప్రభుత్వపు వృక్షశాస్త్రజ్ఞుడు బార్బరు దొర ఆ తెగులును పరిశీలింప వచ్చెను. సామర్లకోటలో చెఱకు పరిశోధనక్షేత్రము దాని ఫలముగనే వెలసినది. 1912లో కోయంబత్తూరున చెఱకు ప్రజననాలయము నెలకొల్పబడినపుడు ఆ బార్బరుదొరయు, ఆయనవెంట వేంకటరామన్ గారును ఏమి చేసిరి? తియ్యని లావు చెఱకునకు, నదుల యొడ్డున నూరక మొలచు రెల్లుగడ్డితో సంకరము చేసిరి! నవ్వువారు నవ్విరేమో తెలియదు. ఆ సంకరమునుండి పుట్టిన కో 205 అను రకము 1918లో రైతులకు విడుదలయై, ఉత్తరదేశపు చలికిని నీటియెద్దడికిని తాళుకొని నిలిచినది. ప్రపంచమున నేడు సాగగు చెఱకు రకములలో ఇంచుమించు అన్నిటియందును రెల్లురక్తము కొంత ప్రవహించుచున్నది. శారద, వరాహనదుల యొడ్డున మన పశువులు మేయుటకు సైతము ఇష్టపడని ఆ గడ్డి హిమాలయపు లోయలనుండి సముద్రతీరమువఱకు వ్యాపించి, చోటుచోటునకు రూపము మార్చుకొన్నది. దాని కణములలో క్రోమోజోముల సంఖ్యయే ఒకచోట 40, మఱియొకచోట 128 వఱకు మాఱుచుండును. అంతటి వైవిధ్యముండుటచేతనే అందులో వెదకినవారికి కావలసిన గుణము దొరకినది. 1933లో ఏటికొప్పాకలో మన పెద్దలు సహకారపద్ధతిపై చక్కెర కర్మాగారమును స్థాపించినపుడు దానికి చెఱకు నిచ్చిన రైతులకును, ఆ పిమ్మటి తరములవారికిని, ఈ రెల్లుగడ్డి ఋణము కలదు. మనమెవ్వరము దానిని మన పద్దులలో వ్రాసికొనలేదు.

వరిలోను అంతే. మన తాతలు నివ్వరి యనిన అడవివరి ఒకటి కలదు. చెఱువులంచున, గుంటలయందు తనంతట మొలచి గింజ రాల్చును. 1970 ప్రాంతమున ఆసియా దేశములలో వరిని గడ్డివలె కుఱుచగా చేయు ఒక తెగులు వ్యాపింపగా, ఫిలిప్పైన్సు నందలి అంతర్జాతీయ వరిపరిశోధనాలయమువారు వేలకొలది రకములను పరీక్షించిరి. ఆ తెగులును తట్టుకొన్నది ఉత్తరప్రదేశమునుండి తెచ్చిన నివ్వరిమొక్క యొక్కటే. ఆ మొక్కతో చేసిన సంకరములే పిమ్మట కోట్ల ఎకరములను కాపాడినవి. మఱియు మన సభ్యులు అనేకులు పండించు స్వర్ణరకము తుపానునీట నాలుగైదు దినములు మునిగిన కుళ్లిపోవుట ఎఱుగుదురు. రెండువారముల మునకకు తాళుకొను స్వర్ణ సబ్-1 రకము 2009లో విడుదలయైనది. ఆ గుణము ఒడిశా రైతులు తరతరములుగా పండించిన యొక పాతవరినుండి వచ్చినది. అది కొండరకము కాదు, పల్లపుదే. కాని బస్తాల లెక్క చూచి దానిని కూడ నాటి రైతులు వదలివేసియుండినచో నేడు దానిని సృష్టింపగలవారు లేరు.

వైవిధ్యము లేని పంటకు ఏమి గతి పట్టునో కాఫీ చరిత్ర చెప్పును. కాఫీయు అబిసీనియా కొండలలోనిదే. కాని అచ్చటినుండి బయటికి వచ్చినవి బహుకొద్ది మొక్కలు. వాని సంతానమే ప్రపంచమున తోటలైనది. 1869లో సింహళద్వీపమున ఆకుతుప్పు తెగులు తలచూపగా, ఒకే రక్తము గల ఆ తోటలలో ఎదిరింపగల మొక్క లేకపోయెను. కొద్దియేండ్లలో కాఫీతోటలు పోయి తేయాకు తోటలు వెలసినవి. ఐర్లండులో 1845లో బంగాళదుంప పంటకు పట్టిన తెగులుచే కలిగిన కఱవు లక్షలమందిని మ్రింగినది. అచ్చటి పేదలు నమ్ముకొన్నదియు ముఖ్యముగా ఒక్క రకపు దుంపనే. ఆ దుంప పుట్టిల్లగు దక్షిణ అమెరికా కొండలలోనో, ఒక్కొక్క పల్లెలో పదులకొలది రకములు నేటికిని కలవు.

మా యింటి సంగతి కూడ చెప్పుకొనవలెను. మా తాతగారి నాట మా గరువులో ఎఱ్ఱబియ్యపు మెట్టవరి యొకటి పండుచుండెడిది. వానలు మూడువారములు ముఖము చాటుచేసినను అది వాడి, మరల లేచుచుండెడిది. పైరగాలి తగిలినపుడు దాని వాసన యింటివఱకు వచ్చెడిదని మా పెద్దవారు చెప్పుచుండిరి. దిగుబడి తక్కువయని మేమే దానిని మానివేసితిమి. గాదె అడుగున రెండు కుంచములు విత్తనముగా నుంచినవి ఒక తుపానునాడు తడిసి మొలకెత్తిపోయినవి. ఇప్పుడు దాని పేరు సహితము మాకు జ్ఞప్తికి రాదు. ఇందు నింద మోయవలసినవారు మేము తప్ప వేఱొకరు లేరు.

కొండలలోను ఇట్టిదే జరుగుచున్నది. కాని అచ్చట రెండు ప్రక్కలనుండి జరుగుచున్నది. మొదటిది శీతోష్ణస్థితి. 1901 మొదలు 2018 వఱకు మన దేశపు సగటు వేడిమి సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని కేంద్రప్రభుత్వపు భూవిజ్ఞానశాఖ 2020లో ప్రకటించినది. 1,000 మీటర్లకు 6 డిగ్రీల లెక్క చొప్పున చూచిన, తన పూర్వపు చలువను కోరు మొక్క నూఱు మీటర్లకు పైగా ఎగువకు జరుగవలసియుండును. పూర్వపు మార్పులు వేలయేండ్లమీద వచ్చినవి. ఇది మూడు తరములలో వచ్చినది. నడుమ రోడ్డు, రాతిక్వారీ, నీలగిరితోట అడ్డుగా నిలిచినవి. అర్మకొండ 1,680 మీటర్లకు మించి పెరుగదు గదా! శిఖరమున నున్న మొక్క ఇంకెక్కడికి పోవును?

రెండవది మనుష్యుని లెక్క. మన్యపు రైతు చోళ్లు సామలు విడిచి, కొనువాడున్న పంటలకు మరలుచున్నాడు. చౌకబియ్యము ఇంటికి వచ్చుచుండగా సామలు దంచుకొను కష్టము ఆయన యింటి ఆడువారు ఎందులకు పడవలెను? ఆయన కుమారుడు విశాఖపట్టణపు రేవులోనో, కట్టుబడిపనులలోనో కూలికి పోయినపుడు ఏ గింజ ఏ వాలుమీద నాటవలెనో చెప్పు విద్య ఇంటిలోని ముసలివారితో ముగియుచున్నది. ఆయనను "పాత పంటలు మానకుము, దేశమునకు మేలు" అని మందలించుటకు మన మెవ్వరము? మనము మానలేదా? వేలయేండ్లు కూలి లేకుండ మన విత్తనపు గాదెను కావలికాచినవానికి మనము నేటివఱకు ఇచ్చినది సంతలో బేరము మాత్రమే. చైత్రమాసమున ఇటుకల పండుగనాడు గ్రామదేవతయెదుట విత్తనములుంచి కొలిచి వెదపెట్టు ఆచారము కొండలలో నేటికిని కలదు. ఆ భక్తి యున్నంతవఱకే మనకు గడువు.

ఇట్టి నష్టము మనకు క్రొత్త కాదు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళికగుర్తింపు వచ్చినదని సంతసించితిమి. ఆ బొమ్మకు ప్రాణమైన అంకుడుకఱ్ఱ చుట్టుప్రక్కల కొండలలో నరికినకొలది తఱిగినది. కఱ్ఱ కొఱతపడిన తరువాతనే చెట్టు నాటవలెనన్న బుద్ధి పుట్టినది. అంకుడుచెట్టు మరల నాటవచ్చును. నశించిన విత్తనమును నాటలేము.

మా మాటకు వచ్చు ఆక్షేపణలలో గట్టిది యొకటి కలదు. "ప్రభుత్వమువారు ఢిల్లీలోని జాతీయ విత్తననిధియందు లక్షలకొలది నమూనాలను శీతలగృహములలో భద్రపఱచినారు గదా, మన సంఘము చేయునదేమి?" అని. ఆ నిధి గొప్పది. అది లేకున్న మనము నిరాధారులము. కాని శీతలగృహమున పెట్టిన గింజ పెట్టిన నాటి గింజయే. పొలములో నున్న విత్తనము ప్రతి యేటి యెండను వానను చూచి, చచ్చినది చచ్చి మిగిలినది మిగిలి, మాఱుచున్న కాలముతో తానును మాఱుచుండును. ఇరువది యేండ్లు పెట్టెలో నున్నవానికిని, ఇరువది యేండ్లు దున్నినవానికిని గల భేదమే యిది. రెండును కావలెను. మొదటిది ప్రభుత్వము చేయుచున్నది. రెండవది రైతులు తప్ప నింకెవ్వరును చేయజాలరు. కోరాపుట్టు జిల్లాలోని పత్రపుట్టు గ్రామపు గిరిజనరైతు కమలా పూజారి గారు చదువు లేకున్నను ఊరూర తిరిగి పాతవరి విత్తనములను సేకరించి తోటివారికి పంచిరి. 2019లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చెను. 2024లో ఆమె స్వర్గస్థురాలైరి. ఒక స్త్రీ ఒంటరిగా ప్రారంభింపగలిగిన పనిని వందలమంది సభ్యులున్న సంఘము చేయలేదనుట సిగ్గుచేటు.

దిగుబడి తక్కువయను ఆక్షేపణను మేము కాదనము. తక్కువయే. అందుచేతనే మీ పొలమంతయు కొండవిత్తనము చల్లుడని మేము చెప్పుట లేదు. చల్లినచో నష్టపడుదురు, ఏలయన చలిలో పండు రకములు పలు మన వేడిమికి గింజపట్టవు. కొండవిత్తనము కొండమీదనే పండవలెను. మనము చేయవలసినది దానిని కొనుట.

మన సంఘము ఏటేట పంచు లాభములో నొక స్వల్పభాగమును, సర్వసభ్య సమావేశము నిర్ణయించినంత, విత్తననిధిగా ప్రత్యేకింపవలెనని మా సూచన. ఆ సొమ్ముతో పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతములలో పాతరకములు పండించు కుటుంబములతో ముందుగా ఒడంబడిక చేసికొని, వారి చోళ్లు, సామలు, మెట్టవరి, చిక్కుళ్లు సంతధరకంటె హెచ్చు ధరకు విత్తనముగా కొనవలెను. ధర హెచ్చు ఎంత యనుటలో పిసినిగొట్టుతనము కూడదు. విత్తనపు కంపెనీకి సంచికింత యని బేరమాడక చెల్లించువారము, కొండరైతువద్ద అణాపైసలు లెక్కింపరాదు. కొన్నదానిలో కొంత మరుసటి యేడు అదే కుటుంబమునకు, ఇరుగుపొరుగు కొండపల్లెలకు విత్తనముగా మరల నీయవలెను. మిగిలినది మన గిడ్డంగిద్వారా తిండిగింజలుగా అమ్మవచ్చును. పట్టణములలో చోళ్లకు సామలకు నేడు గిరాకి యున్నది గావున నష్టము పెద్దదిగా నుండదని మా లెక్క. కొంత నష్టమున్నను భరింపదగినదే.

కొన్న ప్రతి సంచిపై రకము పేరు, ఊరు, కొండవాలు, ఎత్తు, వెదపెట్టిన మాసము, పండించిన కుటుంబపు పేరు వ్రాసియుంచుట ముఖ్యము. పేరులేని గింజ తిండిగింజయే యగును. మా మెట్టవరి గతి చెప్పితిమి. రెండు రకములు కలిపి పోయుట వలన తరములపని ఒక్క పూటలో చెడును గావున, గుమస్తాలకు ఈ సంగతి గట్టిగా చెప్పవలెను. 2001 నాటి వంగడముల సంరక్షణ, రైతుహక్కుల చట్టము ప్రకారము పాతరకములను రైతులే తమ పేర నమోదు చేయించుకొనవచ్చును. ఆ కాగితములు నింపుటలో మన కార్యాలయము కొండరైతులకు సాయపడవలెను గాని, మన సంఘపు పేర నమోదు చేయుటకు ఎన్నడును పూనుకొనరాదు. సొత్తు వారిది. చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధనాస్థానమువారి సలహాను ఆదిలోనే కోరుట మంచిది.

2022లో జిల్లాలు విభజింపబడి మన యూరు అనకాపల్లి జిల్లాలోను, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేఱుటచే, సంఘపు నిబంధనలలోని కార్యపరిధి మాట అడ్డురావచ్చునని ఒక సభ్యుడు మాతో ననిరి. ఈ సంశయమును సహకారశాఖవారిని వ్రాతమూలమున అడిగి తీర్చుకొనవలెను. అంతవఱకు కొనుగోలు మన సంతలోనే జరుపవచ్చును. దానికి నిబంధన యేదియు అడ్డులేదు. మృగశిర కార్తెకు ముందు కొండలలో వెదలు ప్రారంభమగును గావున, ఈ సంగతి వచ్చు సర్వసభ్య సమావేశపు కార్యక్రమపట్టికలో చేర్చవలెనని కోరు సభ్యులు తమ వ్రాతపూర్వకమైన కోరికను కార్యదర్శిగారికి ఫాల్గుణమాసము లోపల అందజేయుదురు గాక.